వాగు పక్క మడి ఆరుతుంది, వెనక మడి ఎందుకు ఆరదు?

తమ్మీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. వర్ధన్నపేట దిక్కు ఆకేరు వాగు గడ్డన మూడెకరాల పది గుంటలు. రెండేళ్లు పత్తి పెట్టినవ్, రెండేళ్లూ ఆగస్టు వానలకు ఎర్రబడి కూలబడ్డది. భూసార పరీక్ష కార్డులో అన్నీ బాగానే ఉన్నాయి. ఒకాయన జిప్సం వేయమన్నాడు, ఇంకొకాయన ఇసుక తోలమన్నాడు, మీ మామ చెరువు మట్టి కొట్టమన్నాడు. ఏది చేయాలన్నది నీ ప్రశ్న. నాకు మాత్రం నువ్వు చివర్లో మాటవరసకు రాసిన ముక్కే పనికొచ్చింది: "వాగుకు ఆనుకున్న ముప్పై గుంటలు రెండు రోజుల్ల ఆరుతది, వెనక చెల్క గడ్డ (ఎర్రమట్టి మెట్ట) కిందున్నది వారమైనా ఆరదు, ఇది ఉల్టా గదా అన్నా?"

ఉల్టా కాదు. వాగు గడ్డలన్నీ దాదాపు అట్లనే ఉంటాయి. ముప్పై ఏళ్లకు పైగా వ్యవసాయ శాఖలో మట్టి నమూనాలతో గడిపిన మనిషిని, మాకూ వాగు పక్కన ఇట్లాంటివే రెండెకరాలున్నాయి. అందుకే కొంచెం పొడుగ్గా చెప్తాను.

వాగు ఇప్పుడు పారుతున్న లోతులోనే ఎప్పుడూ పారలేదు. ఒకప్పుడు దాని అడుగు పైన ఉండేది. వరద వస్తే ఒడ్డు దాటి పరుచుకునేది. ఒడ్డు దాటగానే నీళ్ల ఉరవడి తగ్గుతుంది కాబట్టి బరువైన ఇసుక అక్కడే పడుతుంది. సన్నటి బంకమట్టి నీళ్లలో తేలుతూ దూరం పోతుంది, నీళ్లు కదలకుండా నిలిచిన చోట రోజుల తరబడి మెల్లగా దిగుతుంది. ఇట్లా వందల వరదలకు ఒడ్డు పక్కన దుబ్బనేల ఎత్తుగా, వెనక పల్లంలో బంకనేల తయారైంది. ఆ తర్వాత వాగు తన అడుగును తానే కోసుకుంటూ కిందికి దిగింది. పాత వరద మైదానం ఒక మెట్టులా పైన మిగిలింది. నీ భూమి ఆ మెట్టు మీద ఉంది. వాగు ఒడ్డున నిలబడి చూస్తే నేలంతా సాపుగా కనిపిస్తుంది గానీ, మేస్త్రీల దగ్గర ఉండే నీళ్ల గొట్టం పట్టుకొని లెవలు చూడు. వెనక మడి ఒడ్డు కన్నా కిందికే ఉంటుంది. అడుగో, అడుగున్నరో తేడా ఉన్నా నేను ఆశ్చర్యపోను.

మట్టి నల్లగా ఎందుకుందో కూడా చెప్పాలి. మన వరంగల్ చుట్టుపక్కల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు జాతి రాయి. ఆ రాయి చివికితే పైన ఎర్ర చెల్క, కింద పల్లంలో నల్లరేగడి. ఒకే రాయికి పుట్టిన రెండు మట్టిలు. పైనుంచి వాననీళ్లు సున్నం, మెగ్నీషియం, రాయిలోని సిలికా కరిగించుకొని కిందికి తెస్తాయి. పల్లంలో పోయే దారి లేక అవన్నీ అక్కడే చిక్కుకుంటాయి. అట్లాంటి చోటే తడిస్తే ఉబ్బి, ఎండితే ముడుచుకునే బంక పుడుతుంది. అంటే నీళ్లు నిలవడం వల్లే ఆ మట్టి అట్లా తయారైంది, ఇప్పుడు ఆ మట్టి వల్ల నీళ్లు నిలుస్తున్నాయి.

ఇప్పుడు పత్తి ఎందుకు పోయిందో చూడు. ఎండాకాలం ఆ నేల నెర్రెలు బారి ఉంటుంది. జూన్‌లో పడ్డ మొదటి వానలు ఆ నెర్రెల్లో గటగటా దిగిపోతాయి. విత్తనం బాగా మొలుస్తుంది, మొక్క ఏపుగా వస్తుంది. నువ్వు మోసపోయేది అక్కడే. జులై వానలకు మట్టి ఉబ్బి నెర్రెలన్నీ మూసుకుంటాయి. అప్పటినుంచి ఇలాంటి బరువు నేలలో నీరు ఇంకేది గంటకు 1 మిల్లీమీటరు, చాలా చోట్ల అంతకన్నా తక్కువ. 1 మిల్లీమీటరు అనే అనుకుందాం. ఆగస్టులో ఒకనాడు 100 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరానికి సుమారు 4 లక్షల లీటర్లు. అది ఇంకడానికే నాలుగు రోజులు, అదీ మధ్యలో ఇంకో చినుకు పడకపోతే. మనకు ఏడాదికి పడే దాదాపు వెయ్యి మిల్లీమీటర్లలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది.

వేరుకు గాలి కావాలి. గాలిలో కన్నా నీళ్లలో ఆక్సిజన్ సుమారు పదివేల రెట్లు మెల్లగా కదులుతుంది. నీళ్లు నిండిన మట్టిలో ఉన్న కాస్త ఆక్సిజన్ ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. వేరు ఊపిరాడక పనిచేయడం మానేస్తుంది, చుట్టూ ఎరువున్నా తీసుకోలేదు. ఆకు ఎర్రబడింది అందుకు. మీ ఊరి మందుల దుకాణంలో మెగ్నీషియం అమ్మి ఉంటారు, తెలుసు. నీళ్లు తీసేశాక 13-0-45 (పొటాషియం నైట్రేటు ఎరువు) లీటరుకు 10 గ్రాములు కొడితే మొక్క కొంత తేరుకుంటుంది, నిజమే. కానీ నీళ్లు నిలిచి ఉండగా కొట్టింది నీళ్ల పాలే.

మరి కార్డులో ఇది ఎందుకు రాలేదంటే, ఆ కార్డు దీనికోసం కాదు. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు లాంటి ఐదు సూక్ష్మ పోషకాలు, ఉదజని సూచిక (pH), లవణ సూచిక, సేంద్రియ కర్బనం. నువ్వు ఇచ్చిన మట్టి పై 15 సెంటీమీటర్లది. నీళ్లు దిగుతాయా లేదా అన్నది దాంట్లో ఎక్కడా ఉండదు. దానికి గడ్డపార కావాలి.

మే నెలలో వెనక మడిలో ఒక గుంట తీయి. నాలుగడుగుల లోతు చాలు, మనిషి దిగి నిలబడేంత వెడల్పు. గోడను కత్తితో చెక్కి, కొంచెం నీళ్లు చల్లి నీడలో చూడు. పై అడుగంతా నల్లగానే ఉంటుంది, అది ఏమీ చెప్పదు. అసలు కథ దాని కిందది. మట్టి బూడిద రంగుకో, పాచి పట్టిన ఆకుపచ్చ బూడిదకో తిరిగి, అందులో తుప్పు రంగు మచ్చలుంటే అక్కడిదాకా ప్రతి ఏడూ చాలా రోజులు నీళ్లు నిలుస్తున్నట్టు లెక్క. మట్టిలో ఇనుము గాలి తగిలితే తుప్పులా ఎర్రగా, పసుపుగా ఉంటుంది. గాలి లేకపోతే సూక్ష్మజీవులు దాన్ని కరిగే రూపంలోకి మారుస్తాయి, అది నీళ్లతో జరిగిపోతుంది, మట్టి వెలిసిపోయి బూడిద రంగు మిగులుతుంది. మళ్లీ ఎండాకాలం వేరు పోయిన బొక్కల్లోంచి గాలి దూరితే అక్కడ మాత్రం తుప్పు పడుతుంది. వరి వేర్ల చుట్టూ ఎర్రటి గొట్టంలా కనిపిస్తుందే, అది ఇదే. ఆ మచ్చలు ఎంత పైనుంచి మొదలైతే నేల అంత అధ్వానంగా ఆరుతున్నట్టు. అడుగు లోపలే మొదలైతే ఆ మడిలో పత్తి మాట మర్చిపో. రెండున్నర అడుగుల కింద మొదలైతే దారి ఉంది.

ఇంకా రెండు మూడు వెతుకు. ఆవగింజలంత, మిరియాలంత నల్లటి గట్టి గుండ్లు దొరుకుతాయి. ఇనుము, మాంగనీసు పేరుకున్నవి, తడీ పొడీ మారి మారి వచ్చిన గుర్తు. తెల్లటి సున్నపు గడ్డలుంటే నిమ్మరసం పిండు, బుసబుసమంటుంది. గోడలో మట్టి పెళ్లల ముఖాలు నూనె రాసినట్టు మెరుస్తూ, ఏటవాలుగా గీతలు పడి ఉంటే అది ఉబ్బి ముడుచుకుంటూ ఒకదానిమీద ఒకటి జారే రేగడి. పిడికెడు మట్టి తడిపి పిసికి, బొటనవేలితో ముందుకు తోస్తూ నాడాలా సాగదీయి. రెండంగుళాలు దాటినా తెగకపోతే బంక ఎక్కువే.

గుంట తీయడం బద్ధకమైతే చెట్టూ గడ్డీ చూడు. జమ్ము, తుంగ, తూటి ఉన్న చోట నీళ్లు నిలుస్తాయి. ఒడ్డున రెల్లు, వావిలి, తెల్లమద్ది ఉన్న చోట కింద ఇసుకపొర ఉండే అవకాశం ఎక్కువ.

దీనికన్నా ముఖ్యమైన పని ఇంకొకటుంది, అది ఎవరూ చేయరు. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తేల్చుకోవాలి. పైనుంచి పడ్డ వాన నిలుస్తోందా, పక్కనున్న చెల్క గడ్డ నుంచి జాలు (మట్టి లోపల ఊరి వచ్చే నీరు) దిగుతోందా, కిందినుంచి ఊట ఎక్కుతోందా? మూడింటికీ మందు వేరు. అంగుళమున్నర పీవీసీ పైపు ముక్కలు రెండు తీసుకో, ఒకటి రెండడుగులు దిగేట్టు, ఒకటి ఆరడుగులు దిగేట్టు. చివర అరడుగు మేర బొక్కలు కొట్టి, పాత గోనెగుడ్డ చుట్టి, గజం దూరంలో పాతి, పైన చుట్టూ బంకమట్టి గట్టిగా కూరి మూత పెట్టు. ఆగస్టులో వాన వెలిసిన రెండు మూడు రోజులకు కర్ర దించి చూడు, బంకనేలలో పైపులోకి నీళ్లు రావడానికి ఆ మాత్రం టైం పడుతుంది. పొట్టి దాంట్లో నీళ్లుండి పొడుగుది ఖాళీగా ఉంటే వాన నీళ్లు పైనే వేలాడుతున్నాయి. రెండింట్లో ఒకే మట్టం ఉంటే భూగర్భ నీటిమట్టమే పైకి వచ్చింది. పొడుగు దాంట్లో మట్టం ఇంకా ఎత్తుగా ఉంటే కింద ఏదో పొరలోంచి నీళ్లు తోసుకొస్తున్నాయి. వెనక చెల్క మీద ఎవరైనా బోరు కింద వరి పెడుతున్నారా, పైన కుంట గానీ కాలువ గానీ ఉందా అన్నది నువ్వు రాయలేదు. ఉంటే నేను జాలు మీదే పందెం కడతాను.

ఇక ముగ్గురు సలహాదారులు.

జిప్సం సోడియం చేరిన చౌడు నేలకు మందు. ఉదజని సూచిక 8.5 దాటితే అనుమానించాలి. నీ కార్డులో 7.9 అని రాసినవ్. నమ్మకం కుదరకపోతే ఎండిన మట్టి ముక్క, శనగ గింజంతది, గాజు గ్లాసులో వాన నీళ్లు పోసి మెల్లగా వదులు. బోరు నీళ్లు వద్దు, దాంట్లోని ఉప్పు పరీక్షను చెడగొడుతుంది. రెండు గంటల తర్వాత ముక్క చుట్టూ పాలు కలిపినట్టు మబ్బు కమ్మితే సోడియం ఉంది. ముక్క విరిగి పొడైనా నీళ్లు తేటగా ఉంటే జిప్సం పైసలు జేబులో పెట్టుకో. చౌడున్నా సరే, జిప్సం విడిపించిన సోడియం నీళ్లతో పాటు బయటికి పోవాలి. పోయే దారే లేని మడిలో ఏం లాభం?

ఇసుక సంగతి లెక్క చేద్దాం. ఎకరం పై 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 850 టన్నులు. అందులో బంక 60 శాతం ఉందనుకో, దాన్ని 40 శాతానికి దించాలంటే 425 టన్నుల ఇసుక కలపాలి. 3 టన్నుల ట్రాక్టరు ట్రిప్పులైతే 140కి పైన, ఒక్క ఎకరానికి. కలిపినా కింద పొర అట్లనే ఉంటుంది. నాలుగు ట్రిప్పులు తోలి చల్లితే దుబ్బా రేగడీ కలిసి ఎండినప్పుడు గచ్చులా గట్టిపడడం నేను కళ్లారా చూసిన.

మీ మామ మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు. మిషన్ కాకతీయ మొదలైన 2015 నుంచి చెరువు పూడిక మట్టి తోలుకొని బాగుపడ్డ చెల్కలు మన జిల్లాలో ఎన్నో. కానీ అది నీరు నిలవని ఎర్ర చెల్కకు బలం. నీ వెనక మడి తానే ఒక చెరువు మట్టి, దాని మీద ఇంకో చెరువు మట్టి ఎందుకు? పెద్దనాయినవాళ్ల చెల్క మీదికి తోలమను, సంతోషపడతారు.

చేయాల్సింది నేను చెప్పేదొకటే: ముందు నీళ్లకు దారి, తర్వాత పంట. నీళ్లు చెల్క గడ్డ నుంచే జాలుగా దిగుతున్నాయని తేలితే, చెల్క గడ్డ పాదం వెంబడి అడ్డంగా ఒక కాలువ తీయి. మడి మధ్యలో కాదు, పాదం దగ్గర, నీళ్లు నీ మడిలోకి రాకముందే పట్టుకునేట్టు. గరుసు పొరను కోసుకుంటూ పోయి కింద బంకలో కాలువ అడుగు నిలవాలి, మామూలుగా మూడడుగులు. 100 మీటర్లకు 20 సెంటీమీటర్ల వాలు చాలు. ఆ నీళ్లను వాగులో కలిపే ముందు కింది మూలన చిన్న కుంటలోకి మళ్లించుకుంటే యాసంగికి ఆసరా.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మా రెండెకరాల్లో మొదట నేను తెలివి చూపించి, వెనక మడి నుంచి తిన్నగా ఒడ్డు కోసి వాగులోకి కాలువ తీయించిన. ఆ ఏడు వాగు పొంగితే అదే కాలువ గుండా వాగే మా మడిలోకి వచ్చింది. ఒడ్డు దుబ్బ అడ్డం ఉన్నన్నాళ్లు రాని నీళ్లు, నేనే తలుపు తీసి పిలిచినట్టయింది. నాటు మీద బొటనవేలి మందం ఒండ్రు. మరుసటి ఏడు కాలువను వాగు కింది దిక్కుకు వాలుగా తిప్పి, ఒడ్డు దగ్గర సిమెంటు గూన (గొట్టం) వేసి, వాగు వైపు నోటికి పైనుంచి వేలాడే రబ్బరు పలక కట్టిన. లోపలి నీళ్లు తోస్తే తెరుచుకుంటుంది, వాగు ఎగదన్నితే మూసుకుంటుంది. కాలువ తీసేటప్పుడు పక్క గెట్టు వాళ్ల మడిలోకి నీళ్లు తోయకు. నీటి తగాదాలు కొడుకుల కాలం దాకా నడుస్తాయి.

భూమి లోపల బొక్కల పైపులు వేసే పద్ధతి ఉంది. ఇంత బరువు బంకలో పైపులు దగ్గర దగ్గరగా వేయాల్సి వస్తుంది, ఖర్చు భూమి ధరతో పోటీ పడుతుంది. నీకు చెప్పను.

పంట విషయంలో నేలను ఒకే ముక్కగా చూడకు. ఒడ్డు పక్క ముప్పై గుంటల్లో మిర్చి, కూరగాయలు, కావాలంటే పత్తి. అది తొందరగా ఎండుతుంది కాబట్టి పశువుల ఎరువంతా దానికే వేయి. మధ్య పట్టీలో మక్క, కంది లాంటివి వేయాలనుంటే ఎత్తు బెడ్ల మీద వేయి. పటాన్‌చెరులో ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) వాళ్లు నల్లరేగడిలో ఏళ్ల తరబడి చేసి చూపించింది అదే: ఒకటిన్నర మీటరు కొలతలో సుమారు మీటరు వెడల్పు బెడ్, మిగిలింది కాలువ, కొద్దిపాటి వాలుతో. వెనక మడి మాత్రం పొలమే. వరి పెట్టు. దాని కాండంలో, వేర్లలో గాలి గొట్టాలుంటాయి, ఆకు నుంచి వేరుకు గాలి తనే పంపుకుంటుంది. పత్తికి ఆ భాగ్యం లేదు.

వరి పెట్టినా ఈ నేల తిక్క కొంత భరించాలి. యూరియా నిలువ నీళ్లలో చల్లకు. నీళ్లు తీసి, బురద పదును మీద మూడు దఫాలుగా చల్లి, ఒకటి రెండు రోజుల తర్వాత నీళ్లు పెట్టు. నైట్రేటు రూపంలో ఉన్న నత్రజని గాలి లేని మట్టిలో గాలిలోకే ఎగిరిపోతుంది. ఇట్లాంటి తడి రేగడిలో, సున్నం కూడా ఉంటే, జింకు లోపం మామూలే. నాటిన రెండు నుంచి నాలుగు వారాలకు ఆకుల మీద ఇటుక తుప్పు రంగు మచ్చలు వస్తాయి. మూడు పంటలకొకసారి ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు ఆఖరి దుక్కిలో వేయి, భాస్వరం ఎరువుతో కలపకు. పైరు మీద కనిపిస్తే లీటరుకు 2 గ్రాములు పిచికారీ. మడిలో నడుస్తుంటే కుళ్లిన గుడ్ల వాసన వచ్చి, పీకిన మొక్క వేర్లు నల్లగా ఉంటే నీళ్లు తీసి సన్న నెర్రె కనబడేదాకా ఆరనివ్వు. పెద్ద నెర్రెలు పడనివ్వకు, పడితే తర్వాత పెట్టిన నీళ్లన్నీ వాటిలోకే.

సుడిదోమ (వరి మొదళ్లలో రసం పీల్చే పురుగు) వస్తే "నీళ్లు తీసి ఆరబెట్టండి" అని అందరూ చెప్తారు. నీ మడిలో నీళ్లు చెప్పగానే పోవు కదా. అందుకని నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదులు. గాలీ వెలుతురూ ఆడతాయి, మందు కొట్టినా మొదలు దాకా చేరుతుంది.

రెండు పంటలూ వరే పెడుతూ, కేజీ వీల్స్‌తో (ట్రాక్టరుకు తగిలించే ఇనుప చక్రాలతో) ఏటా కలదున్నుతూ పోతే పొలం దిగబడడం మొదలవుతుంది. కోతకు టైరు మిషన్ దిగదు, చైన్ మిషన్ గంట కిరాయి ఎక్కువ. దీనికి నేను చూసిన తేలిక మందు, రెండు మూడేళ్లకొక యాసంగి వరి మాని నేలను నెర్రెలు బారనివ్వడం. నల్లరేగడికి ఎండే పెద్ద నాగలి. ఆ యాసంగిలో వరి కోసిన తడి మీదే దున్నకుండా మక్క గింజ పెట్టొచ్చు. మా నాయిన కాలంలో ఇట్లాంటి భూములను వానకాలం ముట్టుకునేవాళ్లే కాదు, దసరా దాటాక మాగి జొన్న వేసేవాళ్లు. వాళ్లకు కార్డు లేదు గానీ ఆగస్టులో ఆ మడిలో కాలు పెడితే ఏమవుతుందో తెలుసు. నాటుకు ముందు టైం చిక్కితే జీలుగ చల్లు, నీళ్లు నిలిచినా తట్టుకుంటుంది. పూతకు రాగానే కలియదున్ని వారం పది రోజులాగి నాటు వేయి.

అక్కడే చిన్న ఇల్లు కట్టుకోవాలనుంది అన్నావు. వెనక మడిలో వద్దు. ఏటా ఉబ్బి ముడుచుకునే మట్టి మీద మామూలు పునాది వేస్తే గోడలు కిటికీ మూలల నుంచి పగులుతాయి, మరుగుదొడ్డి ఇంకుడు గుంత వానకాలం నిండి పైకి తంతుంది. ఒడ్డు దుబ్బ మీదా వద్దు, అది వాగు పోసిన నేల, వాగు మళ్లీ రాగలదు. 2023 జులైలో మోరంచ వాగు భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని ముంచిన సంగతి మర్చిపోలేదు కదా. కట్టాలనుకుంటే చెల్క గడ్డ ఎక్కాక ఒక గుంట జాగా కొనుక్కో.

గుంట తీసినంక ఫోటో పెట్టు. గోడ తడిపి, నీడలో, పక్కన స్కేలు నిలబెట్టి తీయి. ఎండలో తీస్తే బూడిద రంగు కూడా తెల్లగా వచ్చి ఏమీ తెలియదు. మచ్చలు ఎన్ని అంగుళాల కింద మొదలైనాయో రాస్తే, మధ్య పట్టీకి బెడ్లు అవసరమా కాదా చెప్తాను.